గాజు తలుపు మీద తెలుగు అక్షరాలు: వత్తులు తెగిపోతున్నాయి, తలకట్లు లేచిపోతున్నాయి

పూతరేకు_డబ్బా, ఆత్రేయపురం

అందరికీ నమస్కారమండి. స్టిక్కరు షీట్లు కోసే మిషను, క్రికట్ ఎక్స్‌ప్లోర్ ఎయిర్ 2. డయలు వినైల్ (స్టిక్కరు షీటు) దగ్గరే ఉంది, షీటు అంటించి లోపలికి పంపే జిగురు మ్యాటు 12 అంగుళాల పచ్చది. షీటు ఎర్ర గ్లాసీ, రేడియం సామాన్ల కొట్లో రోలు నుంచి కోయించింది, కంపెనీ పేరు తెలీదు. కొట్టు గాజు తలుపు మీద "స్వచ్ఛమైన నేతి పూతరేకులు" అని రావాలి. మొత్తం వెడల్పు రెండడుగులు.

"స్వ"లో వకార వత్తు స మీదికి ఎక్కిన చోట అడ్డంగా కోసేస్తోంది. "చ్ఛ" రెండు ముక్కలవుతోంది. కొన్నిచోట్ల వెనక కాగితం కూడా తెగుతోంది, కొన్నిచోట్ల పైపొరే తెగట్లేదు. అక్షరాల చుట్టూ మిగులు పీకేటప్పుడు తలకట్లు దాంతోపాటే లేచిపోతున్నాయి. ముందు ఏది సరిచేసుకోవాలండి?

లంకగాలి, ముక్తేశ్వరం

ముందు ఫైలండి. మిషను జోలికి ఇప్పుడే వెళ్లకండి.

మిషనుకి అక్షరం తెలీదు, గీత ఒక్కటే తెలుసు. ఫాంటులో స ఒక బొమ్మ, వకార వత్తు ఇంకో బొమ్మ. ఒకదాని మీద ఒకటి ఎక్కితే మన కంటికి ఒకటే అక్షరం, దానికి మాత్రం రెండు గీతలు. రెండూ కోస్తుంది. అందుకని ఒకదాన్నొకటి తాకే ముక్కలన్నీ కలిపి ఒకే అంచుగా చెయ్యాలి. దాన్నే వెల్డ్ అంటారు. క్రికట్ వాళ్ల సాఫ్ట్‌వేర్ డిజైన్ స్పేస్‌లో కంబైన్ కింద ఉంటుంది. దాని పక్కనే ఉన్న యునైట్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే దాన్ని తర్వాత విడదీసుకోవచ్చు. వెల్డ్ చేశాక విడదీయలేం.

నా మాట వింటే తెలుగు అక్షరాలు డిజైన్ స్పేస్‌లో టైపు చెయ్యొద్దు. ఒత్తక్షరం విడిపోయి పొల్లు పెట్టిన స పక్కన వ వచ్చే ప్రమాదం ఉంది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో టైపు చెయ్యండి, ఉచితమే, అందులో తెలుగు సరిగ్గా కూర్చుంటుంది. తర్వాత వరస ఇది: మాటని సెలెక్టు చేసి పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్, ఆ పైన అన్‌గ్రూప్, మళ్లీ అన్నీ పట్టుకుని యూనియన్ (ఇందులో వెల్డ్‌కి పేరు ఇదే). అయ్యాక కంట్రోల్ పట్టుకుని, కీబోర్డు కుడి పక్క అంకెల మీటల్లోని 5 నొక్కుతూ వెళ్తే అవుట్‌లైన్ చూపు వస్తుంది. అందులో అక్షరం లోపల అడ్డగీత ఒక్కటి కనపడినా యూనియన్ పూర్తి కాలేదని లెక్క.

బ్రేక్ అపార్ట్ మాత్రం నొక్కకండి. సున్నాలూ, ర లోపలి గుండ్రాలూ పూడిపోయి ముద్దయిపోతాయి.

ఎస్‌వీజీగా (గీతల్ని గీతలుగానే దాచే ఫైలు రకం) సేవ్ చేసి డిజైన్ స్పేస్‌లోకి ఎక్కించాక సైజు చూసుకోండి. ఇంక్‌స్కేప్ అంగుళానికి 96 చుక్కల లెక్కలో రాస్తుంది, 72 లెక్కలో చదివే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, అక్కడ సైజు మారిపోతుంది. ఫైల్లోనే ఓ మూల 100 మి.మీ. చదరం గీసి ఉంచండి. ఎక్కించాక అది 100 ఉంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే. లేకపోతే అన్నీ కలిపి పట్టుకుని ఆ చదరం 100 అయ్యేదాకా సాగదీసి, చదరం తీసెయ్యండి.

ఇంకోటి, అటాచ్ నొక్కకుండా కటింగ్‌కి పంపితే షీటు పొదుపు చెయ్యాలని అది అక్షరాలన్నీ ఎటుపడితే అటు సర్దేస్తుంది.

తణుకు_ప్లాటర్

లంకగాలి గారు చెప్పింది యూనికోడ్ ఫాంట్ల సంగతి, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనపడేవి. డీటీపీ వాళ్ల దగ్గర పాత పద్ధతి అను ఫాంట్లలో రాయించి తెచ్చుకునేవాళ్లు కోరల్‌డ్రా ఫైల్లోనే అక్షరాల్ని కర్వ్స్‌గా (ఉత్త గీతలుగా) మార్పించి, వెల్డ్ కూడా అక్కడే చేయించి, ఎస్‌వీజీ తీసుకోండి. అను ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తుంది.

సిల్హౌట్ క్యామియో (ఇంకో కంపెనీ కటింగ్ మిషను) ఉన్నవాళ్లకి ఒక మాట. దాని సాఫ్ట్‌వేర్ ఉచిత బేసిక్ ఎడిషన్ ఎస్‌వీజీ తెరవదు, దానికి డిజైనర్ ఎడిషన్ కొనాలి. బేసిక్‌తోనే నెట్టుకొచ్చేవాళ్లు ఇంక్‌స్కేప్ నుంచి డీఎక్స్ఎఫ్ రకం ఫైలు తీసుకుంటే సరి. వంపులు కాస్త గరుకుగా వస్తే దగ్గరకి పెంచి చూసి నోడ్లు (గీతని పట్టి ఉంచే చుక్కలు) తగ్గించుకోవాలి.

లంకగాలి, ముక్తేశ్వరం

ఫాంటు సంగతి మరిచాను. గూగుల్ ఫాంట్లలో రామభద్ర బొద్దుగా ఉంటుంది, కటింగ్‌కి బాగా పనికొస్తుంది. సన్నగీతల ఫాంటు తప్పదంటే ఇంక్‌స్కేప్‌లో అవుట్‌సెట్ కొట్టి 0.3 మి.మీ. లావు చెయ్యండి. గీత ఎక్కడా 1.5 మి.మీ. కన్నా సన్నగా ఉండకూడదు.

ఎత్తు కూడా ఇంగ్లీషు కొలతలో పెట్టకండి. మనకి పైన గుడి, కింద వత్తు. 25 మి.మీ. అని పెడితే అందులో అసలు అక్షరానికి దక్కేది సగమే. మీ "స్వచ్ఛమైన" తలుపు మీద దూరం నుంచి కనపడాలంటే వత్తులతో కలిపి 60 మి.మీ. పెట్టుకోండి.

రేడియం_సెంటరు, పాలకొల్లు

కాగితం తెగడం, పొర తెగకపోవడం, ఈ రెండూ ఒకే షీటు మీద వస్తున్నాయంటే బ్లేడు ప్రెజర్ తప్పు కాదండి. షీటు మ్యాటుకి చదునుగా అంటలేదు. లేచిన చోట బ్లేడు లోతుగా దిగుతుంది, లేదా పొరని పక్కకి తోసేస్తుంది. పాత ఏటీఎం కార్డుకి మెత్తని గుడ్డ చుట్టి, మధ్యలోంచి అంచులకి రుద్ది అంటించండి. మ్యాటు జిగురు పోయుంటే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి మెత్తగా కడిగి, నీడన ఆరబెట్టండి. గుడ్డతో తుడవకండి, నూగు పట్టేస్తుంది.

రెండోది బ్లేడు మొన. పాత కటింగ్ తుంపు ఒకటి గొట్టంలో ఇరుక్కుంటే ఇదే బాధ. బ్లేడు హోల్డరు తీసి, పైన బొడిపె నొక్కితే మొన బయటికొస్తుంది. అల్యూమినియం ఫాయిలుని ఉండలా చుట్టి అందులో ఓ పదిసార్లు గుచ్చండి. తుంపు ఊడొస్తుంది. మొన అరిగిపోయుంటే మాత్రం దీనివల్ల పదును రాదు, మార్చాల్సిందే.

ఇప్పుడు ప్రెజర్. పేరు తెలియని రోలుకి డయలు మీద వినైల్ అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. ఒరాకల్ కంపెనీ వినైల్ 651 రకం మందం 0.063 మి.మీ., 631 మందం 0.080. ఆ కాస్త తేడాకే కటింగ్ మారిపోతుంది, పేరు లేనివి ఇంకెంత ఉంటాయో. డయలు కస్టమ్‌కి తిప్పి, సాఫ్ట్‌వేర్లో ప్రీమియం వినైల్ తీసుకుని, షీటు మూల ఒక చదరం, అందులో త్రికోణం పెట్టి కొయ్యండి. త్రికోణం సూదితో ఎత్తితే శుభ్రంగా రావాలి, చదరం అలాగే ఉండాలి, వెనక కాగితం మీద గోటితో గీసినంత గీత మాత్రం కనపడాలి. వేలు ఆనిస్తే గరుకు తెలిసిందంటే ఎక్కువైనట్టు. అప్పుడు ప్రెజర్ లెస్ పెట్టండి.

ప్లాటర్ (రోలు షీట్లు కోసే పెద్ద మిషను) వాళ్లకి: ఆఫ్‌సెట్, అంటే బ్లేడు మొన దాని నడిమధ్య నుంచి పక్కకి ఉండే దూరం, 0.25 మి.మీ. నుంచి మొదలెట్టండి. మూలలు గుండ్రంగా వస్తుంటే పెంచాలి, మూలల్లో చిన్న కొమ్ములు వస్తుంటే తగ్గించాలి. మామూలు వినైలుకి 45 డిగ్రీల బ్లేడు. మెరిసే రిఫ్లెక్టివ్ షీటుకి 60. ఆ రిఫ్లెక్టివ్ షీట్లలో సన్నటి గాజు పూసలు ఉంటాయి, బ్లేడు ఇట్టే మొద్దుబారుతుంది. దానికి వాడిన బ్లేడు దానికే ఉంచుకోండి.

అన్నట్టు కొత్తవాళ్లు ఇక్కడ రేడియం అన్న మాట చూసి భయపడుతున్నారు. ఏ షీటులోనూ రేడియం ఉండదు. పూర్వం గడియారం ముళ్లకి వెలుగు కోసం రేడియం రంగు పూసేవారు, ఆ పేరు మన బళ్ల స్టిక్కర్లకి అంటుకుని ఉండిపోయింది.

గౌతమి_ఒడ్డు, యానాం

కాలం సంగతి కూడా చూసుకోవాలండి. జూలై నుంచి నవంబరు దాకా మన వైపు గాలంతా తడే. వినైలు తడి పీల్చదు, వెనక కాగితం పీలుస్తుంది. కాగితం ఉబ్బి పొర ఉబ్బకపోతే అంచుల్లో సొరంగాల్లా లేస్తుంది. పాలకొల్లు వారు చెప్పిన "అంటకపోవడం" చాలాసార్లు ఇదే. రోలు పడుకోబెట్టకుండా నిలబెట్టి, ప్లాస్టిక్ కవర్లో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి మూతి కట్టండి. ముడుచుకున్న షీటు అయితే నాలుగు అంచులకీ మాస్కింగ్ టేపు వేసి మ్యాటుకి బిగించండి. టేపు మీదికి కటింగ్ రాకుండా అరంగుళం వదలండి.

వరి కోతల రోజుల్లో ఊక దుమ్ము మ్యాటు మీద ఎంత పడుతుందో తెల్లారి చూస్తేగానీ తెలీదు. మ్యాటుతో వచ్చే పారదర్శకమైన కవరు తీసి పారెయ్యకుండా పని అవగానే మళ్లీ కప్పండి.

ముగ్గుల_వాకిలి, మండపేట

తలకట్టు మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను.

తెలుగులో అక్షరానికి అంటుకోని ముక్కలు చాలా ఉంటాయి. ప, స, ష, హ మీది తలకట్టు చాలా ఫాంట్లలో విడిగానే ఉంటుంది. థ, ఠ లోపల చుక్క విడిగా ఉంటుంది. ధ కింద గీత కొన్ని ఫాంట్లలో అంటుతుంది, కొన్నింట్లో అంటదు. అది ఊడిందంటే "ధాన్యం" కాస్తా "దాన్యం" అయి కొట్టు ముందు వేలాడుతుంది. పీకే ముందే ఆ మాటలో విడి ముక్కలు ఎన్నో లెక్కపెట్టి ఓ కాగితం మీద రాసుకోండి. అక్షరాల్ని కాగితం మీంచి ఎత్తి అంటించే ట్రాన్స్‌ఫర్ టేపు వేసే ముందు మళ్లీ లెక్కపెట్టండి.

చిన్న సైజులో అయితే ఇంక్‌స్కేప్‌లో తలకట్టుని కాస్త కిందకి జరిపి అక్షరానికి తాకించి, అప్పుడు యూనియన్ చెయ్యండి. బోర్డులు రాసే చిత్రకారులు చేతి రాతలో కలిపేస్తూనే ఉంటారు, చదవడానికి ఇబ్బంది లేదు.

ఇక పీకడం. దీన్ని వీడింగ్ అంటారు, మనకి కలుపు తీయడమే. చేలో ఎలాగో ఇక్కడా అలాగే, పీకేది కలుపే గానీ పైరు కాదు. మాట చుట్టూ ఫైల్లోనే ఓ పెట్టె గీత పెట్టండి, 5 మి.మీ. దూరంలో. పొడుగు లైన్లయితే మాటకీ మాటకీ మధ్య అడ్డ కోత ఒకటి పెట్టండి, మిగులు ఒకేసారి కాకుండా ముక్కలుగా వస్తుంది. పైకి ఎత్తి లాగకండి. మిగులుని వెనక్కి మడిచి, కాగితానికి ఆనించినట్టుగా, నిదానంగా లాగండి. తలకట్టు దగ్గరికి రాగానే ఆగి, దాన్ని సూది మొనతో నొక్కిపట్టి, అది దాటాక మళ్లీ లాగండి. లోపలి గుండ్రాలు చివర్లో.

కోసిన పూటే కలుపు తియ్యండి. రెండు రోజులు ఉంచితే కోత గీతల్లో జిగురు మళ్లీ కలిసిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం అసలు వద్దు, జిగురు మెత్తబడి తీగలు సాగుతుంది. పొద్దున్నే బాగుంటుంది. తెల్ల షీటు మీద గీత కనపడకపోతే ఫోను టార్చి పక్కనుంచి, షీటుకి సమానంగా పట్టండి.

తణుకు_ప్లాటర్

జిగురు సాగుతుంటే షీటు ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సరిపోతుంది కదండీ?

గౌతమి_ఒడ్డు, యానాం

ఏసీ గదిలో అయితే సరే. మన తడి గాలిలో ఫ్రిజ్‌లోంచి తీసిన షీటు మీద నిమిషంలో చెమట పడుతుంది. కోత గీతల్లోంచి కాగితంలోకి దిగితే అక్షరాల అంచులు లేస్తాయి. పెట్టాల్సి వస్తే జిప్ కవర్లో పెట్టి, బయటికి తీశాక చల్లదనం తగ్గేదాకా కవరు విప్పకండి. అప్పటికి పెట్టిన లాభమూ పోతుంది. పొద్దున్న చేసుకోవడమే మేలు.

పూతరేకు_డబ్బా, ఆత్రేయపురం

యూనియన్ చేశాక అడ్డగీతలు పోయాయండి. మూల పరీక్ష ప్రెజర్ లెస్‌లో సరిగ్గా వచ్చింది. రెండడుగుల వెడల్పు ఎలా కొయ్యాలి? మ్యాటు ఒక అడుగే కదా. గాజుకి అంటించడం తడిగానా, పొడిగానా?

లంకగాలి, ముక్తేశ్వరం

12 అంగుళాల మ్యాటు మీద కోసే జాగా 11.5 అంగుళాలు, అంటే 29 సెం.మీ. 12 × 24 మ్యాటు తీసుకుంటే పొడుగు 23.5 అంగుళాలు వస్తుంది, మీ రెండడుగులకి అరంగుళం తక్కువ. మాటల మధ్య విడగొట్టండి, అక్షరం మధ్యలో వద్దు. ప్రతి ముక్కకీ అక్షరాల కింద ఒక సన్నటి గీత, చివర్లలో ప్లస్ గుర్తులు కూడా కోయించండి. అంటించేటప్పుడు గుర్తు మీద గుర్తు కలపొచ్చు. తర్వాత వాటిని పీకెయ్యండి.

ఆ గీత మాత్రం అక్షరం అడుగుకి పెట్టాలి, వత్తు అడుగుకి కాదు. ఒక మాటలో వత్తులుండి ఇంకో మాటలో లేకపోతే, కింది అంచు చూసి సరిచేసినవాళ్ల లైను వంకరపోతుంది.

రేడియం_సెంటరు, పాలకొల్లు

గాజు ముందు తుడుచుకోవాలి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాని గుడ్డ. చేతులకి రాసుకునే శానిటైజర్ జెల్ వద్దు, అందులో గ్లిసరిన్ లాంటివి పొరగా మిగిలిపోతాయి. నేతి కొట్టు కాబట్టి తలుపు మీద కనపడని జిడ్డు ఉంటుంది, రెండుసార్లు తుడవండి.

పెద్ద అక్షరాలు, నున్నటి గాజు అయితే తడి పద్ధతే నేను చెబుతాను. లీటరు నీళ్లకి గిన్నెలు తోమే ద్రవం రెండు మూడు చుక్కలు, అంతే. నురగ వచ్చేంత వేస్తే జిగురు పట్టదు. గాజు మీద చల్లి, ముక్క పెట్టి, జరుపుకుని, మధ్యలోంచి బయటికి నీళ్లు నెట్టాలి. ట్రాన్స్‌ఫర్ టేపు కాగితం రకం వాడండి. ప్లాస్టిక్ రకమైతే నీరు బయటికి పోయే దారి ఉండదు. అరగంట ఆగి టేపు వెనక్కి మడిచి లాగండి. ఏ తలకట్టైనా టేపుతో లేస్తే మళ్లీ నొక్కి ఇంకో పావుగంట ఆగాలి.

ముగ్గుల_వాకిలి, మండపేట

ఇక్కడ రేడియం గారితో నేను ఏకీభవించను. తలకట్లు, చుక్కలు విడిగా ఉన్న మాటకి తడి పద్ధతిలో చిన్న ముక్కలు ఈదుతాయి. 20 మి.మీ. కన్నా చిన్న అక్షరాలకి పొడిగానే చెయ్యండి. టేపు వేసిన షీటుని గాజు మీద సరిగ్గా పెట్టి, నిట్టనిలువుగా మధ్యలో మాస్కింగ్ టేపు పట్టీ వెయ్యండి. ఒక సగం ఎత్తి, వెనక కాగితం ఒలిచి, ఆ కాగితం అక్కడికి కత్తిరించి, మధ్యలోంచి బయటికి రుద్దుతూ అంటించండి. పట్టీ తీసి రెండో సగం. షీటు కదలదు, బుడగలు రావు.

రేడియం_సెంటరు, పాలకొల్లు

20 లోపు పొడి, నిజమేనండి. ఈయన అక్షరాలు 60 కాబట్టి తడి చెప్పాను.

గడప_పసుపు, రామచంద్రపురం

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. గ్రానైట్ గడపకి ముగ్గు కొయ్యాలని చుక్కలు పెట్టి గీతలు గీశాను. కోస్తే గీత వెడల్పు రావట్లేదు, ఉత్త కోత గాటే వస్తోంది.

లంకగాలి, ముక్తేశ్వరం

గీతకి వెడల్పు స్క్రీను మీదేనండి. మిషనుకి అది ఒక్క దారే. పాత్ మెనూలో స్ట్రోక్ టు పాత్ కొట్టండి, గీత రెండు అంచుల పట్టీగా మారుతుంది. ఆ పైన యూనియన్ చేస్తే మెలికలు దాటే చోట అడ్డకోతలు పోతాయి. గడపకి గీత వెడల్పు 4 మి.మీ. పెట్టండి. మెలికల ముగ్గు అంతా ఒకే ముక్కగా వస్తుంది, అందుకని కలుపు తీయడం తేలికే. మూలలు పదునుగా ఉంటే చీపురు తగిలి లేస్తాయి, గుండ్రం చెయ్యండి.

నున్నటి గ్రానైటు, టైల్సు అయితే నిలుస్తుంది. సిమెంటు గచ్చుకి అంటదు. గడప మీద సరే గానీ కాలు పడే నేల మీద గ్లాసీ షీటు తడిస్తే జారుతుంది, అక్కడ వెయ్యకండి.

చెరువుగట్టు, భీమవరం

మేత బకెట్ల మీద చెరువు నంబర్లు అంటిస్తుంటే వారానికే ఊడుతున్నాయి. షీటు మంచిదే.

తణుకు_ప్లాటర్

బకెట్టు పాలీప్రొపిలీన్ గానీ పాలిథిన్ గానీ అయ్యుంటుంది. వాటికి మామూలు జిగురు పట్టదు, మైనం మీద అంటించినట్టే. ఎంత తుడిచినా అంతే. వాటికి వినైలుని అచ్చులా పెట్టి రంగు వెయ్యడం కూడా లాభం లేదు, రంగూ నిలవదు. అంకెలు స్టీలు బిళ్ల మీద అంటించి బకెట్టు పిడికి కట్టండి. ఇనుప డబ్బాలకి కొత్తగా ఎనామిల్ వేసుంటే కనీసం మూడు వారాలు ఆరనివ్వండి, లేకపోతే రంగులోంచి వచ్చే ఆవిరి స్టిక్కరు కింద బుడగలు కడుతుంది. సున్నం, డిస్టెంపరు గోడలకీ వద్దు. పొడితో సహా ఊడొస్తుంది.

చెరువుగట్టు, భీమవరం

బిళ్ల ఆలోచన బాగుందండి. లేజరు మిషనుతో వినైలు కొయ్యొచ్చా?

తణుకు_ప్లాటర్

వద్దేవద్దు. వినైలంటే పీవీసీ. లేజరు తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరి వస్తుంది. ఊపిరితిత్తులకీ చెడే, మిషను ఇనుమునీ తినేస్తుంది.

గడప_పసుపు, రామచంద్రపురం

పెళ్లికి పంచే స్టీలు గ్లాసుల మీద పేర్లు?

ముగ్గుల_వాకిలి, మండపేట

పర్మనెంట్ జిగురు షీటు తీసుకోండి, 651 లాంటిది. పెదవి తగిలే అంచుకి అంగుళం కింద నుంచే మొదలెట్టాలి. లోపల ఎక్కడా వద్దు. అంటించి మూడు రోజులు తడపకండి. పీచుతో తోమకుండా మెత్తటి స్పాంజితో కడిగితే నిలుస్తాయి. ఆ మాట చీటీ మీద రాసి గ్లాసులో వేసి ఇవ్వండి, పుచ్చుకున్నవాళ్లకి తెలియాలి కదా. పొరపాటున వంకరగా పడితే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఒలిచి, మిగిలిన జిగురుకి కొబ్బరినూనె రాసి పది నిమిషాలు వదిలి తుడవండి. మళ్లీ అంటించే ముందు నూనె మరక ఆల్కహాలుతో పూర్తిగా పోవాలి.

రేడియం_సెంటరు, పాలకొల్లు

బండి నంబరు ప్లేటు గురించి ఇద్దరు విడిగా అడిగారు, ఇక్కడే చెబుతున్నాను. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకి హై సెక్యూరిటీ ప్లేటు కంపెనీ నుంచే వస్తుంది. దాని మీద స్టిక్కరు వెయ్యకూడదు. ట్యాంకు మీదో, డూము మీదో పేరు వేసుకోండి.

పూతరేకు_డబ్బా, ఆత్రేయపురం

మూడు మాటలూ కోసి కలుపు తీశానండి. విడి ముక్కలు రాసుకున్న లెక్కకి సరిపోయాయి. అంటించే ముందు ఒక్కటి: తలుపు బయట పొద్దున్న నుంచీ ఎండ, వానకి జల్లు కొడుతుంది, పిల్లాడు రోజూ తడిగుడ్డతో తుడుస్తాడు. బయటే అంటించాలా?

లంకగాలి, ముక్తేశ్వరం

గాజు తెల్లదైతే లోపలి వైపు అంటించండి, తుడుపూ జల్లూ తగలవు. కానీ ఇప్పుడు కోసినవి దానికి పనికిరావు, లోపలికి వెయ్యాలంటే కటింగ్ స్క్రీనులో మిర్రర్ నొక్కి మళ్లీ కొయ్యాలి. ఎస్‌వీజీ ఫైలు మార్చనక్కర్లేదు. ఇవి పారెయ్యకండి, లోపల గాజు అల్మరాకి సరిపోతాయి. నల్ల ఫిల్ము వేసిన తలుపైతే మాత్రం లోపల వేస్తే బయటికి మసకగా కనపడుతుంది, అప్పుడు ఉన్నవాటినే బయట వేసి, అంచులు మర్నాడు మరోసారి రుద్దండి. ఏ వైపైనా పొద్దున ఏడు లోపు, గాజు చల్లగా ఉన్నప్పుడే.

పూతరేకు_డబ్బా, ఆత్రేయపురం

తెల్ల గాజేనండి. మిర్రర్‌తో మళ్లీ కోస్తున్నాను.